నిలబడి చదివేవాళ్లు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త ఇవతల, ఎప్పుడో మూతపడిన ఒక షాపు షట్టర్ ముందు, టార్పాలిన్ పట్టా పరిచి పాత పుస్తకాలు అమ్ముతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన మాట "ఇదెంత?" అని కాదు. "ఈ రోజుల్లో పుస్తకాలు ఎవరు చదువుతున్నారండీ?" అని. అడిగేవాళ్లలో చాలామంది చేతిలో పుస్తకం పట్టుకునే అడుగుతారు. కొందరైతే పది పేజీలు చదివేసి, దాన్ని మళ్లీ దొంతర మీద పెట్టేస్తూ అడుగుతారు.

"అవునండీ, కాలం మారిపోయింది" అని తలాడించడం నాకు అలవాటైపోయింది. ఎదుటివాడి మాట కాదంటే బేరం పోతుంది. ఇక్కడ బేరం లేదు కాబట్టి చెబుతున్నాను. ఆ మాట తప్పు. నా పట్టా దగ్గర చదవడం తగ్గలేదు. నిలబడడం తగ్గింది. మనిషి ఊళ్లో ఒక చోట పది నిమిషాలు ఊరికే నిలబడితే ఎవరూ ఏమీ అనని జాగా తగ్గిపోయింది. పుస్తకం అమ్ముడుపోవాలంటే ముందు ఎవరో ఒకరు దాని దగ్గర నిలబడాలి. ఇది నేను ఎక్కడో చదివి చెబుతున్నది కాదు, రోజూ చూస్తున్నది.

పొద్దున్న తొమ్మిదిన్నరకి పట్టా పరుస్తాను. వెనక బిల్డింగ్ నీడ మధ్యాహ్నం పన్నెండు దాకా ఉంటుంది. తర్వాత ఎండ నేరుగా పుస్తకాల మీదే. ఎండకి ముందు పోయేవి ఎరుపు, పసుపు. నీలం ఆఖరి దాకా మిగులుతుంది. అందుకే నా దగ్గర పాత నవలల అట్టల మీద హీరోయిన్లందరూ నీలంగా ఉంటారు, నీటిలో మునిగి తేలినట్టు. కొత్తవాళ్లు అదేదో పాత ప్రింటింగ్ పద్ధతి అనుకుంటారు. నేను కాదనను.

ముందు వరసలో పోటీ పరీక్షల గైడ్లు. అవే నాకు అన్నం పెడతాయి. ఎడమ పక్క ఆదిత్య హృదయం, విష్ణు సహస్రనామం లాంటి చిన్న పుస్తకాలు. రథసప్తమికి అరసవల్లి వెళ్లే జనం వల్ల జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ ఎడమ పక్క ఖాళీ అయిపోతుంది. మధ్యలో ఇంగ్లీషు నవలలు, ఇవి అమ్ముడుపోయేవి కావు, చూడ్డానికి. పట్టాకి కాస్త హోదా వస్తుంది. వెనకవైపు, నా మోకాలి దగ్గర, పాత వారపత్రికలు, బైండ్లు. అవి అడిగినవాళ్లకే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం రెండు వైపులా ఇటుకలు పేర్చి పైన ఒక చెక్క వేశాను, వంగకుండా చూసుకోవచ్చని. అది నేను ఈ వ్యాపారంలో చేసిన ఏకైక ఆధునికీకరణ.

నిలబడి చదివేవాడికి ఒక క్రమం ఉంటుంది. మొదటి నిమిషం అట్ట వెనక ధర చూస్తాడు. రెండో నిమిషం మధ్యలో ఎక్కడో తెరుస్తాడు, మొదటి పేజీ ఎవరూ చూడరు. మూడో నిమిషంలో చేతిలో సంచి ఉంటే ఈ చేతి నుంచి ఆ చేతికి మారుతుంది. ఐదో నిమిషానికి సంచి కింద పెట్టేస్తాడు. సంచి కింద పెట్టాడంటే ఇక నేను అటు చూడను. ఆ సమయంలో "ఏం కావాలి సార్?" అని అడిగితే పట్టుబడిన దొంగలా ఉలిక్కిపడి పుస్తకం పెట్టేసి వెళ్లిపోతాడు. మొదటి రెండేళ్లు అలా ఎంతమందిని పోగొట్టుకున్నానో. పెద్ద షాపుల్లో కుర్రాళ్లు వెంటే తిరుగుతూ ఇప్పటికీ అదే చేస్తున్నారు, అది వాళ్ల ఉద్యోగం.

ఫోన్లో కూడా చదువుతున్నారు కదా అంటారు. చదువుతున్నారు, నేనూ చదువుతాను. కాకపోతే ఫోన్లో నిలబడలేం. ఒక వాక్యం దగ్గర ఆగితే కింద నుంచి ఇంకోటేదో పైకి వచ్చేస్తుంది, పక్క నుంచి ఎవరో గుడ్‌మార్నింగ్ బొమ్మ పంపుతారు. నా పట్టా మీద పుస్తకం మాత్రం ఎంతసేపు చూసినా కదలదు. ఈగ వాలితే తప్ప.

నాకు ఒకే నియమం ఉంది. ఎంతసేపైనా చదువుకోండి, ఫోటో మాత్రం తీయొద్దు. పిసినారితనం అనుకునేవాళ్లు అనుకోనీ. ఫోటో తీసినవాడు ఆ పేజీ మళ్లీ చూడడని నా నమ్మకం. టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదువుతున్న ఒక అమ్మాయి రోజూ సాయంత్రం ఆమదాలవలస బస్సుకి ముందు వచ్చి సైకాలజీ పుస్తకం తీసి నిలబడేది. మొదటి రోజు ఫోన్ తీసింది. "ఫోటో వద్దమ్మా, చదువుకో" అన్నాను. ముఖం చిన్నబుచ్చుకుంది. మర్నాడు చిన్న నోట్‌బుక్ తెచ్చుకుంది. అరగంట నిలబడి రాసుకునేది, బస్సు హారన్ వినగానే పరుగు. ఆ పుస్తకం ఎవరైనా అడిగితే దాచేవాణ్ణి కూడా. ఇది వ్యాపారమా అంటే కాదు. ఆ అమ్మాయి వల్ల ఇంకో ఇద్దరు ఆగేవాళ్లు, అదీ లెక్కే.

డీఎస్సీ గురించి చెప్పాలంటే నా పట్టాయే ఒక వార్తాపత్రిక. 2018 డీఎస్సీ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ లేదు. గైడ్లు కాటాకి వేశాను, కిలోల లెక్కన. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులన్నారు. వారం తిరక్కుండానే అరవై రూపాయల పుస్తకం నూట యాభై పలికింది. ఇంతలో ఎన్నికలు, ప్రభుత్వం మార్పు, ఆ నోటిఫికేషన్ రద్దు. జూన్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ అన్నారు. అన్న తర్వాత నోటిఫికేషన్ రావడానికి 2025 ఏప్రిల్ 20 అయింది. ఆ పది నెలలూ నా దగ్గర గైడ్ల ధర ఉల్లిపాయల ధరలా పైకీ కిందకీ ఆడింది. టీవీలో ఎవరో మంత్రి "త్వరలో" అంటే ఇరవై పెరిగేది, కోర్టు కేసు అని వస్తే ముప్ఫై తగ్గేది. ఒకే గైడు నా చేతి మీదుగా మూడుసార్లు వెళ్లి తిరిగొచ్చింది. మొదటి పేజీలో మూడు పేర్లు, మూడు రంగుల ఇంకులు. రెండో పేరు కింద "ఈసారి ఖచ్చితంగా" అని రాసి ఉంది. మూడో ఆయన దాన్ని కొట్టేయలేదు, దాని కిందే తన పేరు రాసుకున్నాడు.

పుస్తకాలు చదవడం లేదని బాధపడే పెద్దమనుషులు వీళ్లని లెక్కలోకి తీసుకోరు. "అది చదవడం కాదు, ఉద్యోగం కోసం బట్టీ" అంటారు. పొద్దున్నే జిల్లా గ్రంథాలయానికి వెళ్లి చూడండి, కుర్చీలన్నీ వీళ్లవే. ఎవరి పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు, గ్రంథాలయంలో వాళ్లకి కావాల్సింది పుస్తకం కాదు, బల్ల, ఫ్యాన్, నిశ్శబ్దం. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు, 1960 నాటి చట్టం ప్రకారం. ఆ ఎనిమిది పైసలతో ఈ ఊరు కొంటున్నది కూర్చునే చోటు. తప్పేం లేదు. ఇంట్లో నలుగురు రెండు గదుల్లో ఉండేవాళ్లకి చదువు కంటే చోటే కరువు.

అయితే ఈ పాత పుస్తకాల గొలుసు తెగే పని ఇంకో వైపు నుంచి జరిగింది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. 2025-26 నుంచి ఇంటర్ మొదటి సంవత్సరానికి ఎన్సీఈఆర్టీ సిలబస్ వచ్చింది. లెక్కలు 1ఎ, 1బి అని రెండు పేపర్లు ఉండేవి, ఒకటైపోయాయి. బోటనీ, జువాలజీ కలిపి బయాలజీ అయింది. పిల్లలకి మంచిదే కావచ్చు, నీట్, జేఈఈ రాయాలి కదా. నా దగ్గర మాత్రం రెండు బస్తాల 1ఎ, 1బి మిగిలాయి. అన్న చదివిన పుస్తకం తమ్ముడికి, తమ్ముడిది పక్కింటి పిల్లకి, ఆ పిల్లది నా పట్టా మీదకి వచ్చేది. ఆ ఏడాది ఆ వరస అక్కడికక్కడ ఆగిపోయింది. ఆ రెండు బస్తాలూ మిరపకాయ బజ్జీల బండికి వెళ్లాయి. త్రికోణమితి పేజీలో చుట్టిన బజ్జీ నేనే తిన్నాను.

ఇక మీడియం గొడవ. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం అంటూ జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ మీదట ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాషగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. టీవీల్లో ఎంత వాదించుకున్నారో మీకు తెలుసు. నా వాదన పుస్తకాల మీద మరకలే. ఈ రెండు భాషల పుస్తకాలు కాటాకి వచ్చినప్పుడు ఒక్కొక్కటీ తిరగేసి చూస్తాను. తెలుగు పేజీ అంచు నూనె వేలిముద్రలతో మెత్తబడిపోయి ఉంటుంది, పెన్సిల్ గీతలు ఉంటాయి. ఎదుటి ఇంగ్లీషు పేజీ చాలాసార్లు కొత్త పెళ్లికూతురి పట్టుచీరలా నలగకుండా ఉంటుంది. కానీ ప్రశ్నలు, జవాబుల దగ్గరకి వచ్చేసరికి తారుమారు. ఇంగ్లీషు పేజీ మీదే టిక్కులు, ఆ ఇంగ్లీషు మాటల నెత్తిన తెలుగు అక్షరాల్లో "ఫోటోసింథసిస్", "ఎవాపరేషన్" అని. అంటే అర్థం చేసుకోవడం ఒక పేజీలో, పరీక్ష రాయడం ఇంకో పేజీలో. ఇరుపక్షాల వాళ్లూ ఒక్క పాత పుస్తకం చేతిలోకి తీసుకుని చూస్తే అంత అరవాల్సిన పని లేదనిపిస్తుంది. నాకు ఆ అచ్చు పద్ధతి నచ్చింది. పుస్తకం బరువెక్కువ, అదొక్కటే తంటా.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజుకి ఏటా మా రోడ్డు మీద ర్యాలీ వెళుతుంది. ఆయన మా జిల్లావాడే, పర్వతాలపేటలో 1863లో పుట్టారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకున్న మనిషి, జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని పోట్లాడిన మనిషి. ర్యాలీలో బడి పిల్లలు "తెలుగు భాష వర్ధిల్లాలి" అని ఎండలో అరుచుకుంటూ పోతారు. ఒక్క పిల్లాడు పక్కకి తిరిగి నా పట్టా మీద బొమ్మల పుస్తకం దగ్గర ఆగితే టీచర్ వచ్చి చెయ్యి పట్టుకుని లైన్లోకి లాగేసింది. ఆవిణ్ణి తప్పుపట్టను. నలభై మంది పిల్లలు, నడిచేది రోడ్డు. కానీ ఆ ర్యాలీ మొత్తం మీద తెలుగు చదువుతున్నది వాడొక్కడే.

రోజూ రెండు దినపత్రికలు కొంటాను, ఎదురుపడితే పలకరించుకోని రెండు. పట్టా చివర రాయి పెట్టి ఉంచుతాను, ఎవరైనా చదువుకోవచ్చు. ఒక పత్రికలో మా పక్క రోడ్డు వేసేశారు, రెండో పత్రికలో అదే రోడ్డు కొట్టుకుపోయింది. ఆ రోడ్డు మీద రోజూ నడిచే ఆయన కూడా తన పార్టీ పేపరే తీస్తాడు. ఇరవై రెండేళ్లలో రెండూ చదివినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పేపరు చదివేవాడు నిలబడడు కూడా, హెడ్డింగు చూసి, తను అనుకున్నదే ఉందని తల పంకించి వెళ్లిపోతాడు.

నాకు మాత్రం ఇవాల్టి పేపరు కంటే పాత పేపరు ఎక్కువ వార్తలు చెబుతుంది. పాత పుస్తకాలకి అప్పట్లో న్యూస్‌పేపర్ అట్టలు వేసేవాళ్లు కదా, అవి విప్పేటప్పుడు ముందు అట్ట చదువుతాను. మొన్న ఒక పాత వ్యాకరణం పుస్తకానికి వేసిన అట్ట మీద వంశధార, నేరడి బ్యారేజీ అని హెడ్డింగు. కాగితం బెల్లం రంగుకి తిరిగిపోయింది, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది. ఒడిశాతో ఆ నది నీళ్ల తగాదా తేల్చే వంశధార ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరులో తీర్పిచ్చింది, నేరడి దగ్గర బ్యారేజీ కట్టుకోవచ్చంది. ఆ తీర్పుకి ఎన్నో ఏళ్ల ముందు కాగితం అది. తారీఖు ఉన్న మూల చిరిగిపోయింది. ఆ ముక్కని ఇవాల్టి పేపర్ పక్కన రాయి కింద పెట్టాను. ఇద్దరు ముగ్గురు దాన్ని ఇవాల్టి వార్తే అనుకుని చదివి, "ఈసారైనా అవుద్దంటావా?" అని నన్నే అడిగారు.

పాత పుస్తకాల కోసం ఊళ్లోకి నేను వెళ్లేది ఆదివారాలు. ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లు, పెద్దాయన పోయాక పిల్లలు అమెరికా నుంచి వచ్చి పది రోజుల్లో తేల్చేయాలనుకునేవాళ్లు. అలాంటి ఇంట్లో ఒకసారి ఒక బైండు దొరికింది. పాతకాలంలో ఇళ్లల్లో ఆడవాళ్లు వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చించి దాచి, అయిపోయాక కుట్టుకునేవాళ్లు. ఇది అలాంటిదే. పురికొసతో మూడు చోట్ల కుట్టు, అట్టకి పాత క్యాలెండర్ తిప్పి అతికించారు, లోపలివైపు నుంచి దేవుడి బొమ్మ చెయ్యి ఒకటి కనిపిస్తుంది. సీరియల్ పేజీల వెనకవైపు సగం జోకు, సగం తల నూనె ప్రకటన, ఎవరో పూర్తి చేసిన గళ్లనుడి. పన్నెండో వారం లేదు. దాని బదులు తెల్లకాగితం మీద చేత్తో రాసిన అరపేజీ: "ఈ వారం పత్రిక రాలేదు. పక్కింటి ఆవిడ చెప్పిన కథ" అని, కింద ఆ వారం కథ. పత్రికవాళ్లు రాసినదానికంటే ఆవిడ చెప్పిందే బాగుందని నా అభిప్రాయం.

కథల విషయానికొస్తే మా ఊరు అదృష్టవంతురాలు. పత్రికల్లో వచ్చి పాత పేపర్లలో కలిసిపోయే కథలన్నిటినీ ఒక చోట చేర్చాలని కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ఇక్కడే కథానిలయం పెట్టారు. ఆయన 2021లో పోయారు, కథానిలయం ఉంది. నా బైండు సీరియల్ కదా, కథల లెక్కలోకి రాదు, అందుకే దాని ఫోటో తీసి (అవును, నా నియమం నాకు వర్తించదు) వాట్సాప్‌లో పెట్టాను. హైదరాబాద్ నుంచి ఒకాయన కావాలన్నాడు.

పంపడం దగ్గర వచ్చింది చిక్కు. ఇదివరకు రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ అని ఉండేది. ఐదు కిలోల పుస్తకాలు దేశంలో ఎక్కడికైనా ఎనభై రూపాయల్లో వెళ్లేవి. నాలాంటివాళ్లకి అదే కాళ్లూ చేతులూ. 2024 డిసెంబరులో ఒక రోజు పొద్దున్న వెళితే కంప్యూటర్లో ఆ వరసే లేదన్నారు. ముందు చెప్పింది లేదు. ప్రచురణకర్తలు గోల పెట్టాక 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది తెచ్చారు, మూడు వందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, ఐదు కిలోలకి వంద. ఫరవాలేదు, వంద ఇవ్వొచ్చు. కానీ దానికి పుస్తకం మీద ప్రింటర్ పేరో, పబ్లిషర్ పేరో ఉండాలి. ఇది ఎవరో ఇల్లాలు పురికొసతో కుట్టిన పుస్తకం. కౌంటర్లో ఆయన నాలుగు వైపులా తిప్పి చూసి "దీని పబ్లిషర్ ఎవరండీ?" అన్నాడు. పేరు తెలిస్తే చెప్పేవాణ్ణి. స్పీడ్ పోస్టులో పంపాను, బైండు ధరలో సగం దానికే అయింది.

ఇలా రాస్తున్నాను కానీ నాకు అన్నిటికంటే గుర్తుండిపోయిన బేరం వేరే. కవిటి వైపు నుంచి ఒక మనిషి భార్యని డయాలసిస్‌కి తీసుకొచ్చేవాడు. ఉద్దానం సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి ఊళ్లకి ఊళ్లు కిడ్నీ జబ్బుతో పోతున్నా ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఈయన పరిచయమైంది దానికి ముందు, ఇక్కడి దాకా రావాల్సి వచ్చిన రోజుల్లో. మొదటిసారి వచ్చి నిలబడి, ఏ పుస్తకమూ ముట్టుకోకుండా అడిగాడు: "నాలుగు గంటలు పట్టేది ఏదైనా ఉందేటి బావు?"

పుస్తకాన్ని అలా అడిగినవాడు నాకు అప్పటి దాకా లేడు. డిటెక్టివ్ నవల ఇచ్చాను, నూట అరవై పేజీలు. ముప్ఫై రూపాయలు, చదివి తెచ్చేస్తే పదిహేను వెనక్కిస్తాను, అది నా మామూలు ఒప్పందం. రెండు రోజుల తర్వాత తెచ్చాడు. "మూడు గంటలకే అయిపోయింది. ఇంకాస్త లావుది ఇయ్యి" అన్నాడు. తర్వాత తర్వాత నాకు తెలిసింది, ఆయన చదివేది తన కోసం కాదు. మంచం పక్కన కూర్చుని ఆవిడకి వినిపించేవాడు. పక్క మంచాలవాళ్లు కూడా వినేవాళ్లట. మెల్లగా చదవడం నేర్చుకున్నాడు, అప్పుడు నూట అరవై పేజీలే సరిపోయాయి. వారానికి రెండు, ఒక్కోసారి మూడు. దాదాపు ఏడాది. తర్వాత రాలేదు. ఆయన దగ్గర నా పుస్తకం ఒకటి ఉండిపోయింది, నా దగ్గర ఆయన పదిహేను రూపాయలు.

వానాకాలం మా వ్యాపారానికి యముడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైన చోట నా నష్టం చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, అయినా అద్దె గదిలో కింది వరస పుస్తకాలు పూరీల్లా ఉబ్బిపోయాయి. పేజీకి పేజీకి మధ్య న్యూస్‌పేపర్ పెట్టి వారం రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టాను, కరెంటు వచ్చాక. ఆ తుపాను వార్తలున్న పేపర్లే పెట్టాను, దగ్గరున్నవి అవే.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, వచ్చే సోమవారం నుంచి మా వైపు కాలువ పని మొదలవుతుందని పోయిన వారం ఒకాయన వచ్చి నోటితో చెప్పి వెళ్లాడు. కాగితం ఏదీ ఇవ్వలేదు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. ఊరి వెండింగ్ కమిటీలో నలభై శాతం మా వీధి వ్యాపారులే ఉండాలని, కదిలించాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలని అందులో ఉంది. సరుకు పట్టుకుంటే పాడైపోయేది అదే రోజు, పాడవనిది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలని కూడా ఉంది. పుస్తకం ఈ రెండింట్లో ఏదో చట్టం రాసినవాళ్లకి తట్టినట్టు లేదు. ఎండాకాలంలో పాడవనిది, వానాకాలంలో వంకాయ కంటే ముందు పాడైపోయేది. నా గుర్తింపు కార్డు ఉంది, 2020లో వచ్చిన స్వనిధి పథకంలో పదివేలు అప్పు తీసుకుని కట్టేశాను కూడా. అప్పిచ్చేటప్పుడు నేను వీధి వ్యాపారినే. లేపేటప్పుడు మాత్రం అడ్డం.

కాలువ వద్దనడం లేదు. వానొస్తే ఆ నీళ్లు ముందు వచ్చేది నా పట్టా కిందకే. నా గొడవ తర్వాతి సంగతి. ఇదివరకు అవతలి రోడ్డులో ఇలాగే పని అయ్యాక కాలువ మీద పలకలు వేశారు, పలకల మీద టైల్స్ వేశారు, టైల్స్ మీద మోటార్ సైకిళ్లు నిలబెట్టారు. ఇప్పుడక్కడ బండికి చోటుంది, మనిషికి లేదు. జనం రోడ్డు మీద నడుస్తారు, నడుస్తూనే ఉంటారు, ఆగితే వెనక నుంచి హారన్. అక్కడ నాలాంటివాడు పట్టా వేసినా, పరిచింది ఎంత మంచి పుస్తకమైనా, సంచి కింద పెట్టి ఐదు నిమిషాలు నిలబడేది ఎవరు? ఆ రోడ్డులో ఇదివరకు చెప్పులు కుట్టే ఆయన దగ్గర, జామకాయల బుట్ట దగ్గర కూడా జనం ఆగేవాళ్లు. వాళ్లూ లేరు. రేపు ఈ ఊరి పెద్దలే సభ పెట్టి పుస్తక పఠనం తగ్గిపోతోందని మాట్లాడతారు, సభకి వచ్చినవాళ్లకి శాలువాలు కప్పుతారు.

నిన్న సాయంత్రం కమిటీకి ఇవ్వడానికి దరఖాస్తు రాసుకుంటుంటే, నాలుగు బారల అవతల అరటిపళ్ల బండి పెట్టుకునే అక్క చూసింది. ఆవిడ బండికి చక్రాలున్నాయి, పని జరిగినన్నాళ్లూ సందు మొదట్లో పెట్టుకుంటుందట. పెద్ద గొడుగు కూడా ఉంది.

"ఎందుకు తమ్ముడూ ఆ రాతలు. పని అయిందాకా నా పక్కకి వచ్చీ. గొడుగులో సగం నీకే" అంది.

నాకు నోట మాట రాలేదు. దణ్ణం పెట్టాను.

"ఒకటే మాట గానీ," అంది అరటిపళ్ల మీద నీళ్లు చిలకరిస్తూ, "నీ పుస్తకాలోల్లు నా బండి ముందర అలా గంటలు గంటలు నిలబడిపోకూడదు. నాకు బేరాలు పోతాయి."